చక్కెర గొలుసుల మీద పరిశోధన: నిర్మాణం వైపా, పని వైపా?

ప్రశ్న: నమస్కారమండీ. నేను బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ రెండో ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం మా గైడ్ గారు ప్రోటీన్ల మీద ఉండే గ్లైకాన్ల, అంటే చక్కెర గొలుసుల గురించి పనిచేయమంటున్నారు. అందులో ఒకటి వాటి నిర్మాణం తేల్చే పని, అంటే రోజంతా మాస్ స్పెక్ (అణువుల బరువు కొలిచే యంత్రం) దగ్గర ఉండాలి. రెండోది కణాల మీద ప్రయోగాలు, ఆ చక్కెరలు ఏం చేస్తున్నాయో చూడటం. రెండిట్లో ఒకటి ఎంచుకోమన్నారు. నా స్నేహితులేమో "చక్కెర అంటే శక్తి కోసం, అంతే. పేరు రావాలంటే జన్యువుల మీదో ప్రోటీన్ల మీదో చెయ్యి" అంటున్నారు. ఆర్గానిక్ కెమిస్ట్రీ అంటే నాకు మొదటి నుంచీ భయం. ఇంట్లో వాళ్లకు ఉద్యోగం గురించి టెన్షన్. ఈ దారిలో వెళ్లమంటారా? వెళితే ఎటు వైపు? ఈ రోజుల్లో కోడింగ్ రాకపోతే కష్టమంటున్నారు, అదీ నేర్చుకోవాలా?

సమాధానం: వెళ్లండి. మీ ఉత్తరం నిండా సందేహాలే ఉన్నా, "ఆ చక్కెరలు ఏం చేస్తున్నాయో చూడటం" అని రాసిన చోట మీ ఆసక్తి కనిపించింది. అది చాలు మొదలుపెట్టడానికి. కానీ రెండు దారుల్లో ఒకటే ఎంచుకోవాలి అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. ఈ రంగంలో నిర్మాణం తెలియకుండా పని గురించి చెప్పిన మాట నిలబడదు. ఏ ప్రశ్నా లేకుండా తేల్చిన నిర్మాణం పట్టికలో ఒక వరుసగా మిగిలిపోతుంది. ముందు కొన్నాళ్లు నిర్మాణాన్ని చదవడం నేర్చుకోండి. తర్వాత ఒకే ఒక్క చక్కెర, లేదా ఒకే ఒక్క బంధం చుట్టూ ఒక జీవశాస్త్ర ప్రశ్న పట్టుకోండి. ఇలా ఎందుకంటున్నానో కాస్త వివరంగా చెబుతాను.

మీ స్నేహితులు అన్నదాంట్లో నిజం లేకపోలేదు. గ్లూకోజ్ శక్తినిస్తుంది, పిండీ గ్లైకోజనూ దాన్ని దాచిపెడతాయి. చాలా పాఠ్యపుస్తకాల్లో పిండిపదార్థాల అధ్యాయం దాదాపు అక్కడే ఆగిపోతుంది కాబట్టి వాళ్లకు అలా అనిపించడం సహజం. ఈసారి వాళ్లను వాళ్ల బ్లడ్ గ్రూపు ఏమిటో అడగండి. వాళ్లు చెప్పే జవాబు ఒక చక్కెర పేరే.

ఎర్ర రక్తకణాల పైన ఉండే చక్కెర గొలుసుల కొసన ఫ్యూకోజ్ చేరితే దాన్ని హెచ్ యాంటిజెన్ అంటారు. దానికి ఎన్-అసిటైల్ గెలాక్టోసమైన్ అనే చక్కెర తోడైతే 'ఏ' గ్రూపు. గెలాక్టోజ్ తోడైతే బి. రెండూ తోడైతే ఏబి, ఏదీ చేరకపోతే ఓ. కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో రక్తాన్ని గ్రూపులుగా విడదీసి చూపించారు. ఆ తేడా చక్కెరల్లో ఉందనీ, ఏ చక్కెర ఎక్కడ ఉందనీ వాల్టర్ మోర్గన్, వినిఫ్రెడ్ వాట్కిన్స్ లాంటి వాళ్లు తేల్చేసరికి 1950లు వచ్చేశాయి. అంటే ఆ మధ్య అర్ధ శతాబ్దం పాటు ఆసుపత్రుల్లో ప్రాణాలు నిలిపింది, తప్పితే ప్రాణాలు తీసింది, ఎవరూ చూడని ఒక చిన్న చక్కెర. 1952లో బొంబాయిలో వై.ఎం. భెండే, ఆయన సహచరులు హెచ్ యాంటిజెన్ కూడా లేని మనుషులను గుర్తించారు. మామూలు పరీక్షలో వాళ్లు ఓ గ్రూపులాగే కనిపిస్తారు. కానీ వాళ్ల శరీరం ఓ గ్రూపు రక్తాన్ని కూడా తిప్పికొడుతుంది. తేడా అంతా ఒక్క ఫ్యూకోజ్.

ఈ ఉదాహరణను జన్యువు వైపు నుంచి చూడండి, ఈ రంగం ఎందుకు కష్టమో, ఎందుకు ఇంత ఆసక్తిగా ఉంటుందో తెలుస్తుంది. ఏ జన్యువులోనూ "గెలాక్టోజ్" అని రాసి ఉండదు. రాసి ఉండేది దాన్ని అతికించే ఎంజైమ్. 'ఏ' గ్రూపు ఎంజైముకూ 'బి' గ్రూపు ఎంజైముకూ తేడా నాలుగు అమైనో ఆమ్లాలు మాత్రమే. ఆ నాలుగు మారడంతో ఎంజైమ్ ఒక చక్కెరను వదిలి ఇంకో చక్కెరను పట్టుకుంటుంది. ఓ గ్రూపు వాళ్లలో చాలామందికి అదే జన్యువులో ఒక్క అక్షరం తప్పిపోయి ఉంటుంది, దాంతో ఎంజైమ్ పనిచేయదు.

డీఎన్‌ఏ వరుస తెలిస్తే ప్రోటీన్ వరుస కూర్చున్న చోటే చెప్పేయవచ్చు. చక్కెర గొలుసుకు అలాంటి మూలప్రతి లేదు. మనిషి కణాల్లో చక్కెరలను అతికించే గ్లైకోసిల్ ట్రాన్స్‌ఫరేజులు సుమారు 200 ఉన్నాయి. ప్రోటీన్ కణం లోపలి ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ అనే భాగం దాటి గాల్జీ అనే ఇంకో భాగం గుండా పోతున్నప్పుడు ఏ ఎంజైమ్ ముందు తగిలింది, ఏ ముడిసరుకు ఎంత ఉంది, ప్రోటీన్ అక్కడ ఎంతసేపు ఆగింది అన్నదాన్ని బట్టి గొలుసు రూపుదిద్దుకుంటుంది. చేతులు మారుతూ పోయే దండలో ఎవరి దగ్గరున్న పువ్వు వాళ్లు గుచ్చినట్టు ఉంటుంది ఈ వ్యవహారం. అందుకే ఒకే ప్రోటీన్‌లో, ఒకే స్థానంలో, ఒక అణువు మీద ఒక గొలుసూ పక్క అణువు మీద వేరే గొలుసూ ఉంటాయి. కణానికి జబ్బు చేసినా, ఆకలేసినా, క్యాన్సర్ వైపు మళ్లినా జన్యువు మారకుండానే గొలుసులు మారిపోతాయి. వరుస చదివి ఊహించడం కుదరదు. ప్రతిసారీ గొలుసును చేతిలోకి తీసుకుని తేల్చుకోవాల్సిందే.

ఎన్ని రకాలుగా మారవచ్చో లెక్క చూడండి. రెండు ఒకేలాంటి అమైనో ఆమ్లాలను పెప్టైడ్ బంధంతో కలిపితే వచ్చేది ఒకటే. రెండు గ్లూకోజ్‌లను కలపడానికి, ఆరు సభ్యుల వలయంగా ఉన్నాయనుకున్నా, 11 మార్గాలున్నాయి. ఏ కార్బన్‌కు కలిపాం, ఆల్ఫాగానా బీటాగానా అన్నదాన్ని బట్టి ప్రతిదీ వేరే పదార్థం. ఆరు అక్షరాల డీఎన్‌ఏ ముక్కలు 4,096 రకాలు. ఆరు అమైనో ఆమ్లాల పెప్టైడ్లు 6.4 కోట్లు. ఆరు చక్కెరల గొలుసులు, కొమ్మలతో కలిపి, లక్ష కోట్లకు పైగా సాధ్యమని 1994లో రోజర్ లేన్ లెక్కగట్టారు. ప్రకృతి వాటిలో కొద్ది భాగాన్నే వాడుతుందనుకోండి. అయినా మీ నమూనాలో ఉన్నది ఏదో ముందుగా చెప్పలేం. పిండిలోనూ సెల్యులోజ్‌లోనూ ఉన్నది గ్లూకోజే, రెండిట్లోనూ ప్రధానంగా ఉన్నవి 1-4 బంధాలే (ఒక చక్కెర మొదటి కార్బన్ పక్కదాని నాలుగో కార్బన్‌కు కలిసినవి). పిండిలో ఆల్ఫా, సెల్యులోజ్‌లో బీటా. ఒకటి మనకు అరుగుతుంది, రెండోది చెట్టును నిలబెడుతుంది.

ఇప్పుడు "నిర్మాణమా, పనా" అన్న మీ అసలు ప్రశ్నకు వస్తాను. దీనికి ఫ్లూ వైరస్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆ వైరస్ కణంలోకి దూరే ముందు కణం పైన ఉండే సయాలిక్ ఆమ్లం అనే చక్కెరను పట్టుకుంటుంది. ఆ సయాలిక్ ఆమ్లం కింద ఉన్న గెలాక్టోజ్‌కు రెండు రకాలుగా అతుక్కుని ఉండవచ్చు: 2-3 బంధంతో, లేదా 2-6 బంధంతో. పక్షుల్లో తిరిగే వైరస్‌లు ఎక్కువగా 2-3 బంధాన్ని ఇష్టపడతాయి. మనుషుల్లో వ్యాపించేవి 2-6 వైపు మొగ్గుతాయి, ఎందుకంటే మన ముక్కు, గొంతు, శ్వాసనాళం పై భాగంలో అవే ఎక్కువ. పక్షుల వైరస్ మనుషుల మధ్య తేలిగ్గా పాకకుండా ఆపుతున్న అడ్డుగోడల్లో ఇదొకటి. వైరస్ ప్రోటీన్‌లో ఒకటి రెండు అమైనో ఆమ్లాలు మారితే ఈ ఇష్టం మారిపోగలదు. మీరు కణాల ప్రయోగం చేసి "సయాలిక్ ఆమ్లం ఉంటే వైరస్ అంటుకుంది" అని రాశారనుకోండి. ఏ బంధంతో ఉన్న సయాలిక్ ఆమ్లం అని ఎవరైనా అడిగితే, నిర్మాణం తెలియకుండా మీరేం చెబుతారు? ఆ ప్రశ్నకు జవాబు లేకపోతే ఆ ఫలితానికి విలువ సగానికి సగం తగ్గిపోతుంది. అదే వైరస్ బయటికి పోయేటప్పుడు న్యూరమినిడేజ్ అనే తన ఎంజైముతో ఆ చక్కెరనే కోసుకుని పోతుంది. ఆ ఎంజైములో సయాలిక్ ఆమ్లం ఎలా కూర్చుంటుందో చూసి, దాన్ని పోలిన అణువును తయారుచేసి జనామివిర్ అనే ఫ్లూ మందును రూపొందించారు. ఒసెల్టామివిర్ కూడా అదే చోట పనిచేస్తుంది. నిర్మాణం, పని, మందు ఒకే వరుసలో నడిచిన కథ ఇది.

రెండో ఉదాహరణ హెపారిన్, దీని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి. రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈ మందు ఒక పొడవైన చక్కెర గొలుసు, ఎక్కువగా పంది పేగుల నుంచి తీస్తారు. దాని పనితనమంతా ఐదు చక్కెరల ఒక చిన్న ముక్కలో ఉంది. ఆ ముక్క యాంటీథ్రాంబిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. మధ్యలో ఉన్న గ్లూకోసమైన్ మూడో స్థానంలో ఒక్క సల్ఫేట్ లేకపోతే ఆ పట్టు వేల రెట్లు సడలిపోతుంది. ఆ ఐదు చక్కెరల ముక్కను రసాయనికంగా తయారుచేసినదే ఫాండాపారినక్స్. దాని తయారీకి యాభైకి పైగా దశలు కావాల్సి వచ్చాయి. 2001లో అమెరికాలో దానికి అనుమతి దొరికింది.

అదే హెపారిన్ విషయంలో 2008లో పెద్ద ఉపద్రవం జరిగింది. ఇంజెక్షన్ తీసుకున్న రోగుల్లో కొందరికి ఒక్కసారిగా రక్తపోటు పడిపోయింది, కొందరు చనిపోయారు. మందు అప్పట్లో ఉన్న నాణ్యత పరీక్షలన్నీ దాటి వచ్చినదే. ఎన్‌ఎంఆర్‌తోనూ (అయస్కాంత క్షేత్రంలో పరమాణువుల సంకేతాలు చదివి నిర్మాణం చెప్పే పద్ధతి) ఇతర పద్ధతులతోనూ వెతికితే అందులో అతిగా సల్ఫేట్ చేర్చిన కాండ్రాయిటిన్ సల్ఫేట్ కలిసి ఉందని బయటపడింది. అదీ చక్కెర గొలుసే, చూడటానికి హెపారిన్‌కు దగ్గరగా ఉంటుంది, రక్తం గడ్డకట్టకుండా కొంతవరకు ఆపుతుంది కూడా. "పని" మాత్రమే కొలిచే పరీక్ష దాన్ని పట్టుకోలేకపోయింది. నిర్మాణం చూసిన పరీక్ష పట్టుకుంది. ఆ తర్వాత హెపారిన్ నాణ్యత ప్రమాణాల్లో ఎన్‌ఎంఆర్‌ను చేర్చారు. మాస్ స్పెక్ దగ్గర కూర్చోవడం నీరసమైన పని అని మీకెప్పుడైనా అనిపిస్తే ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి. నాకైతే ఇది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇంకా చాలా ఉన్నాయి, వేగంగా చెప్పేస్తాను. బాక్టీరియా తొడుగు చక్కెరలతో చేసినదని 1923లో హైడెల్‌బర్గర్, ఆవరీ చూపించారు. రెండేళ్లలోపు పిల్లల రోగనిరోధక వ్యవస్థ ఆ చక్కెరను ఒంటరిగా ఇస్తే సరిగ్గా స్పందించదు. దాన్ని ఒక ప్రోటీన్‌కు అతికించి ఇస్తే గుర్తుపెట్టుకుంటుంది. న్యుమోకాకస్, హిబ్ అనే బాక్టీరియాలకు ఇచ్చే కాంజుగేట్ (అతికించిన) టీకాలు ఈ సూత్రం మీదే నడుస్తున్నాయి. తల్లిపాలలో లాక్టోజ్, కొవ్వు తర్వాత ఎక్కువగా ఉండే ఘనపదార్థం ఒలిగోశాకరైడ్లే, అంటే చిన్న చక్కెర గొలుసులే. వాటిని బిడ్డ అరిగించుకోలేదు. అవి బిడ్డ పేగుల్లో పెరిగే బిఫిడోబాక్టీరియాకు మేత. చక్కెరలు అతికించే ప్రక్రియలోనే పుట్టుకతో లోపం ఉండే జబ్బులు నూటికి పైగా తెలిశాయి. వాటిలో ఒకదానికి, ఫాస్ఫోమానోజ్ ఐసోమరేజ్ అనే ఎంజైమ్ లోపించిన పిల్లలకు, నోటి ద్వారా మానోజ్ ఇస్తే చాలావరకు కుదుటపడతారు. జబ్బుకు మందు కూడా చక్కెరే. ఇవన్నీ మీ స్నేహితులకు చెప్పండి, వాదన కోసం కాదు, వాళ్లకీ నచ్చుతాయి కాబట్టి.

ఇక ప్రయోగశాల సంగతి. మాస్ స్పెక్ చాలా శక్తిమంతమైనదే. కానీ చక్కెరల విషయంలో దానికి ఒక పెద్ద లోటుంది. గ్లూకోజ్, గెలాక్టోజ్, మానోజ్ మూడిటి బరువూ ఒకటే. గొలుసులో చేరాక ఏదైనా 162 డాల్టన్లనే కనిపిస్తుంది. కాబట్టి బరువు చూసి "ఇన్ని హెక్సోజులు (గ్లూకోజ్ లాంటి ఆరు కార్బన్ల చక్కెరలు), ఇన్ని ఎన్-అసిటైల్ హెక్సోసమైన్లు" అని మాత్రమే చెప్పగలం. అవి ఏవి, ఎక్కడ, ఏ బంధంతో అన్నది దాని నుంచి నేరుగా రాదు. రెండు ఫ్యూకోజ్‌లు కలిస్తే సుమారు 292, ఒక సయాలిక్ ఆమ్లం 291. యంత్రం సరిగ్గా లేకపోయినా, ఐసోటోప్ శిఖరాలను పొరపాటున చదివినా ఒకదాన్ని ఇంకోటి అనుకుంటారు. చాలా పరిశోధన పత్రాల్లో అందమైన కొమ్మల బొమ్మలు వేస్తారు కానీ వాళ్లు నిజంగా కొలిచింది బరువొక్కటే. మిగతాది "మామూలుగా ఇలాగే ఉంటుంది కదా" అన్న ఊహ. మనిషి ప్రోటీన్ల ఎన్-గ్లైకాన్లకు (నైట్రోజన్ ద్వారా ప్రోటీన్‌కు అతుక్కున్న గొలుసులకు) ఆ ఊహ తరచుగా సరిపోతుంది. కొత్త జీవి మీదో, జబ్బు కణం మీదో పనిచేసేటప్పుడు సరిపోకపోవచ్చు. మీరు బొమ్మ గీసేటప్పుడు కొలిచిందెంత, ఊహించిందెంత అన్నది పక్కనే రాసే అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోండి. ఈ రంగంలో నిజాయితీ అంటే ముందుగా అదే.

అందుకే ఒక పద్ధతి మీద ఆధారపడకండి. ఎన్-గ్లైకాన్లను ప్రోటీన్ నుంచి వేరుచేయడానికి పీఎన్‌గేజ్ ఎఫ్ ఎంజైమ్ వాడతారు. మొక్కల్లో, కీటకాల్లో గొలుసు మొదట్లో 1-3 బంధంతో ఫ్యూకోజ్ ఉంటే అది కోయలేదని గుర్తుంచుకోండి. ఓ-గ్లైకాన్లన్నిటినీ (ఆక్సిజన్ ద్వారా అతుక్కున్నవాటిని) కోసే అలాంటి ఎంజైమ్ లేదు, రసాయన పద్ధతులే దిక్కు. తర్వాత మెరిసే ఫ్లోరసెంట్ లేబుల్ వేసి, నీటిని ఇష్టపడే అణువులను విడదీసే హిలిక్ కాలమ్‌లో విడగొట్టండి. కొస నుంచి ఒక్కో చక్కెరను కోసే ఎంజైములను వరుసగా వాడి చూడండి. 2-3 బంధాన్ని మాత్రమే కోసే సయాలిడేజ్ ఒకటి ఉంది, అన్నిటినీ కోసేది ఇంకోటి ఉంది. రెండిటినీ పక్కపక్కన నడిపితే బంధం సంగతి తేలిపోతుంది. సయాలిక్ ఆమ్లం ఆమ్లాల్లో, వేడికి, మాల్డీ అనే లేజర్ రకం మాస్ స్పెక్ యంత్రంలోనూ తేలిగ్గా ఊడిపోతుంది కాబట్టి ముందే దాన్ని స్థిరపరచాలి. ఇథైల్ ఎస్టర్‌గా మార్చే పద్ధతి నాకు చాలా ఇష్టం. 2-6 బంధంతో ఉన్నది ఎస్టర్ అవుతుంది, 2-3తో ఉన్నది లాక్టోన్ అవుతుంది. రెండిటి మధ్య బరువులో 46 తేడా వస్తుంది. బరువు చెప్పలేని విషయాన్ని చిన్న రసాయన చర్యతో బరువులోకి తెచ్చారన్నమాట. ఎన్‌ఎంఆర్‌కు ఎక్కువ నమూనా కావాలి, కానీ దొరికితే దానంత నమ్మకమైన సాక్షి లేదు. గ్లూకోజ్, గెలాక్టోజ్‌లలో మొదటి కార్బన్ దగ్గరి హైడ్రోజన్ సంకేతం 3-4 హెర్ట్జ్‌తో చీలితే ఆల్ఫా, 7-8తో చీలితే బీటా.

మీరు తప్పక జాగ్రత్తపడాల్సింది కణాల పెంపకం దగ్గర. కల్చర్‌లో పోసే పశువుల సీరమ్ నిండా గ్లైకోప్రోటీన్లే. కణాలను బాగా కడగకపోతే మీరు తేల్చిన నిర్మాణం దూడది అవుతుంది, మనిషిది కాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. మనుషుల్లో సీఎంఏహెచ్ అనే జన్యువు ఎప్పుడో పాడైపోయింది కాబట్టి ఎన్-గ్లైకోలిల్ న్యూరమినిక్ ఆమ్లం అనే సయాలిక్ ఆమ్లాన్ని మనం తయారుచేసుకోలేం. కానీ సీరమ్‌లో అది ఉంటే మనిషి కణాలు తీసుకుని తమ గొలుసుల్లో పెట్టుకుంటాయి. అది ఒక ఫ్యూకోజ్‌తో కలిస్తే వచ్చే బరువు, మామూలు సయాలిక్ ఆమ్లం ఒక హెక్సోజ్‌తో కలిస్తే వచ్చే బరువు అచ్చంగా ఒకటే, దశాంశాలతో సహా. ఎంత ఖరీదైన యంత్రమైనా ఆ మొత్తాన్ని మాత్రమే చూసి వాటిని విడదీయలేదు. అలాగే 162 తేడాతో మెట్లలా ఒక శిఖరాల వరుస కనిపిస్తే సంబరపడకండి. చాలాసార్లు అది కాగితం, దూది, కాలమ్ లాంటి వాటి నుంచి వచ్చిన గ్లూకోజ్ గొలుసు. ఎంజైమ్ వేయని నమూనాను ప్రతిసారీ పక్కన నడపండి. లెక్టిన్లతో (చక్కెరలను పట్టుకునే ప్రోటీన్లతో) కణాలకు రంగు వేస్తే, ఆ లెక్టిన్ పట్టుకునే చక్కెరను ముందుగా కలిపి ఇంకో నమూనా చేయండి. రంగు తగ్గకపోతే అది అంటుకున్నది చక్కెరకు కాదు.

కెమిస్ట్రీ భయం గురించి. గ్లైకాన్లను సంశ్లేషణ చేయడం మీ పని కాదు, కాబట్టి ఆ వైపు చదువంతా మీకు అక్కర్లేదు. మీకు కావాల్సింది కొద్దిగానే, కానీ అది గట్టిగా రావాలి: వలయం కుర్చీ ఆకారంలో ఎలా ఉంటుంది, ఏ హైడ్రాక్సిల్ పైకి, ఏది పక్కకు, ఆల్ఫా బీటా తేడా ఏమిటి, గ్లైకోసైడిక్ బంధం ఎప్పుడు తెగుతుంది. మోడల్ కిట్ ఒకటి సంపాదించి గ్లూకోజ్, గెలాక్టోజ్, మానోజ్‌లను చేత్తో కట్టండి. గ్లూకోజ్‌కూ గెలాక్టోజ్‌కూ తేడా నాలుగో కార్బన్ దగ్గర, మానోజ్‌కు రెండో కార్బన్ దగ్గర. బొమ్మలో కలగాపులగంగా కనిపించేది చేతిలో పెట్టుకుంటే వెంటనే అర్థమవుతుంది. ఎమిల్ ఫిషర్ 1891లో ఏ యంత్రమూ లేకుండా, చర్యలు జరిపి, తర్కంతో గ్లూకోజ్ అమరికను తేల్చారు. ఆయన వాదన మొత్తాన్ని ఒకసారి కాగితం మీద మీరే చేసి చూడండి. ఆర్గానిక్ కెమిస్ట్రీ మీద భయం పోగొట్టడానికి అంతకంటే మంచి మార్గం నాకు తట్టడం లేదు.

ఒప్పుకునే ముందు గైడ్ గారిని కొన్ని విషయాలు అడగండి. యంత్రం మీ ల్యాబ్‌లోనే ఉందా, లేక వేరే చోటికి నమూనాలు పంపి వారాల తరబడి ఆగాలా? స్పెక్ట్రమ్ చదవడం నేర్పే మనిషి ఎవరు? ఒకే ప్రోటీన్ మీద పనిచేస్తారా, మొత్తం సీరమ్ మీదా? మొదటి ప్రాజెక్టుకు ఒకే ప్రోటీన్ అయితేనే మంచిది. ట్రాన్స్‌ఫెరిన్, ఇమ్యునోగ్లోబులిన్ జి లాంటివి శుద్ధంగా దొరుకుతాయి, వాటి గొలుసుల గురించి చాలా తెలుసు కాబట్టి మీ పని సరిగ్గా ఉందో లేదో పోల్చి చూసుకోవచ్చు. క్యాన్సర్ కణాలన్నిటిలోని గ్లైకాన్లన్నీ ఒకేసారి అన్న తరహా ప్రాజెక్టు ఇస్తే మర్యాదగా చిన్నది చేయమని అడగండి. ఎమ్మెస్సీ గడువులో అది పూర్తికాదు.

ఇంట్లో వాళ్లకు ఈ మాట చెప్పండి. ఇవాళ మందుల్లో పెద్ద భాగం యాంటీబాడీలు, ఇతర ప్రోటీన్లు. వాటి మీద ఉండే చక్కెరలు మారితే మందే మారిపోతుంది. యాంటీబాడీలో 297వ స్థానంలోని గొలుసు నుంచి ఫ్యూకోజ్ తీసేస్తే, రోగనిరోధక కణాలు దాన్ని పట్టుకునే బలం పదుల రెట్లు పెరుగుతుంది. ఒబినుటుజుమాబ్, మొగాములిజుమాబ్ అనే క్యాన్సర్ మందులు ఈ ఆలోచనతో వచ్చినవే. ఎర్ర రక్తకణాలను పెంచే ఎరిత్రోపొయిటిన్ అనే ప్రోటీన్‌లో మూడు ఎన్-గ్లైకాన్లు ఉంటాయి. వాటిని ఐదు చేసి డార్బెపోయిటిన్ తయారుచేస్తే రక్తంలో సుమారు మూడు రెట్లు ఎక్కువసేపు నిలిచింది. బయోసిమిలర్ (ఇప్పటికే ఉన్న ప్రోటీన్ మందును పోలిన మందు) తయారుచేసే ఏ సంస్థ అయినా తన మందు మీది గ్లైకాన్లు అసలు మందుకు దగ్గరగా ఉన్నాయని చూపించాల్సిందే. కాంజుగేట్ టీకాలు తయారుచేసేవాళ్లకూ చక్కెరలు కొలవగల మనుషులు కావాలి. జన్యువుల వరుస చదవగలవాళ్లు ఎంతోమంది ఉన్నారు. ఒక గ్లైకాన్ స్పెక్ట్రమ్ ముందు పెడితే చదివి చెప్పగలవాళ్లు తక్కువ. పేరు సంగతికొస్తే, రసాయన శాస్త్రవేత్త కరోలిన్ బెర్టోజీ కణాల మీది చక్కెరలను కళ్లారా చూడాలన్న పట్టుదలతో మొదలుపెట్టిన పనే ఆమెకు 2022లో నోబెల్ తెచ్చిపెట్టింది.

చదవడానికి ఎసెన్షియల్స్ ఆఫ్ గ్లైకోబయాలజీ అన్న పాఠ్యపుస్తకం ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. మొదటి నుంచి చివరిదాకా చదవాలని పెట్టుకోకండి, మధ్యలోనే వదిలేస్తారు. నిర్మాణం, ఎన్-గ్లైకాన్లు, సయాలిక్ ఆమ్లాలు, విశ్లేషణ పద్ధతులు, ఈ అధ్యాయాలు చాలు ఇప్పటికి. అందులో వాడే గుర్తులు ముందు నేర్చుకోండి: గ్లూకోజ్ నీలి వృత్తం, గెలాక్టోజ్ పసుపు వృత్తం, మానోజ్ ఆకుపచ్చ వృత్తం, ఫ్యూకోజ్ ఎర్ర త్రిభుజం, సయాలిక్ ఆమ్లం ఊదారంగు వజ్రం, ఎన్-అసిటైల్ గ్లూకోసమైన్ నీలి చదరం. ఒక వారం వాటిని గీస్తూ పోతే పత్రాల్లోని బొమ్మలు వాక్యాల్లా చదవగలుగుతారు.

కోడింగ్ నేర్చుకోండి, టెన్షన్ పడకుండా నేర్చుకోండి. ప్రోటీన్ల ఆకారాలు ఊహించిన ఆల్ఫాఫోల్డ్ 2 అనే కంప్యూటర్ ప్రోగ్రాము నమూనాల్లో చక్కెరలు ఉండవు. కొత్త కరోనా వైరస్ స్పైక్ ప్రోటీన్ ఒక్కో భాగం మీద ఎన్-గ్లైకాన్లు చేరే స్థానాలు 22 ఉన్నాయి. వాటిని వదిలేసి గీసిన బొమ్మ ఆ ప్రోటీన్‌కు సగం బొమ్మే. కాబట్టి కంప్యూటర్ తెలిసినవాళ్లకు ఇక్కడ చేయాల్సిన పని చాలా ఉంది. మొదటి ప్రోగ్రాముగా ఇది రాయండి: ఒక బరువు ఇస్తే, అందులోంచి నీటి బరువు 18 తీసేసి, హెక్సోజ్ 162.05, ఎన్-అసిటైల్ హెక్సోసమైన్ 203.08, ఫ్యూకోజ్ 146.06, రెండు రకాల సయాలిక్ ఆమ్లాలు 291.10, 307.09, వీటిలో ఏవి ఎన్నెన్ని కలిస్తే ఆ బరువు వస్తుందో అన్నీ జాబితాగా చూపించాలి. పైథాన్‌లో ఇరవై ముప్పై వరుసలకు మించదు. పెద్ద బరువు ఇచ్చి చూడండి, తరచుగా ఒకటి కంటే ఎక్కువ జవాబులు వస్తాయి. ఆ జాబితాను ప్రింట్ తీసుకుని గైడ్ గారి దగ్గరికి వెళ్లి, వీటిలో ఏది నిజమో తేల్చడానికి మన ల్యాబ్‌లో ఏ ప్రయోగం చేయగలమో అడగండి.